టైరు గాలి హెచ్చరిక లైటు వెలిగితే ఏం చేయాలి?

కారు నడుపుతుండగా డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఒక గుర్తు వెలుగుతుంది. టైరును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, అడుగున చిన్న చిన్న గీతలు, మధ్యలో ఆశ్చర్యార్థకం. అది టైరు గాలి హెచ్చరిక. దీన్ని చూసినవారిలో చాలామంది రెండింటిలో ఒకటి చేస్తారు. ఏమీ కానట్టు నాలుగు రోజులు అలాగే తిరుగుతారు, లేదా దగ్గర్లోని పెట్రోల్ బంకులో ఆగి నాలుగు టైర్లకూ ముప్పై ఐదు కొట్టించి ఆ సంగతి మరిచిపోతారు. రెండూ సరైన పద్ధతులు కావు.

ఆ లైటు చెప్పేది ఏదో ఒక టైరులో గాలి తగ్గిందన్నంత వరకే. ఎంత తగ్గింది, ఎంత వేగంగా తగ్గుతోంది, ఎందుకు తగ్గింది అన్నవి మనమే తెలుసుకోవాలి. అవి తెలిసేది గాలి కొలిచినప్పుడే. అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: నింపే ముందు కొలవండి, కొలిచిన అంకె రాసుకోండి. తగ్గిన గాలిని కొలవకుండా నింపేస్తే, జరిగింది ఏమిటో చెప్పే ఒకే ఒక ఆధారాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ లైటు తొందరపడి వెలగదు. అమెరికా నిబంధన ప్రకారం కంపెనీ చెప్పిన గాలి కంటే 25 శాతం తగ్గాక వెలిగితే చాలు. చాలా కార్ల వ్యవస్థలు ఆ లెక్కకు దగ్గరగానే తయారయ్యాయి. అంటే 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలత) ఉండాల్సిన టైరు దాదాపు 25కి పడిపోయాక గానీ మీకు కబురు అందకపోవచ్చు. "ఇప్పుడే వెలిగింది కదా, రేపు చూద్దాం" అనుకోవడానికి వీల్లేనిది ఇందుకే.

మొదటి నిమిషంలో చూడవలసినవి

లైటు వెలగగానే గట్టిగా బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్‌ను రెండు చేతులతో నిలకడగా పట్టుకొని, కారు ఎలా నడుస్తోందో గమనించండి. ఒక పక్కకు లాగుతోందా? వెనక భాగం ఊగుతున్నట్టుందా? స్టీరింగ్ బరువెక్కిందా? దబదబమని చప్పుడు వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టైరులో గాలి వేగంగా పోతోందన్నమాట. అప్పుడు బంకు దాకా వెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. ఇండికేటర్ వేసి, వేగం తగ్గించుకుంటూ, రోడ్డుకు వీలైనంత ఎడమవైపు చదునైన చోట ఆపి, హజార్డ్ లైట్లు వేయండి.

కారు ఎప్పటిలాగే నడుస్తుంటే కంగారు అక్కర్లేదు. వేగం తగ్గించి, మలుపుల్లో జాగ్రత్తపడుతూ దగ్గర్లో ఆపడానికి వీలైన చోటు వరకు వెళ్లవచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట బండ్లు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. అక్కడ రోడ్డు పక్కన నిలబడి టైరు చూసుకోవడం టైరు కంటే పెద్ద ప్రమాదం. కారు అదుపులో ఉన్నంతసేపు మెల్లగా వెళ్లి తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోండి. విజయవాడ హైవే మీద అయితే దాబా ఆవరణలోకో బంకులోకో తిప్పేయండి. ఎక్కడికీ వెళ్లలేని పరిస్థితి వస్తే, జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరు ఉంది. కారులో ఉన్నవాళ్లందరినీ దించి, రోడ్డు అంచుకు దూరంగా నిలబెట్టాకే ఫోను చేయండి. పిల్లలను కారులోనే ఉంచి టైరు మార్చేవారిని హైవేల మీద తరచూ చూస్తుంటాం. దయచేసి అలా చేయవద్దు.

లైటు ఎలా వెలిగిందో కూడా చూడండి. నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు. ఇంజిను ఆన్ చేయగానే ఒక నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తరువాత నిలకడగా వెలుగుతూ ఉండిపోతే, లోపం చాలావరకు టైరులో కాదు, గాలిని కనిపెట్టే వ్యవస్థలో ఉంటుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ఏదైనా సరే, ముందు గాలి కొలవాల్సిందే.

సరైన అంకె ఎక్కడ ఉంటుంది?

డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు ఆనుకునే స్తంభం మీద చూడండి. అక్కడ ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపలివైపు అంటిస్తారు. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, మనుషులూ సామానూ నిండుగా ఉన్నప్పుడు ఎంత అనేది దాని మీద ఉంటుంది. మీ కారుకు సరైన గాలి అదే. ఎదురింటివారి కారుకు పెట్టినది కాదు, బంకులో అందరికీ పెట్టేది అంతకన్నా కాదు.

టైరు పక్కగోడ మీద కూడా ఒక అంకె అచ్చుపోసి ఉంటుంది, 44 అనో 51 అనో. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. కారుకు పెట్టాల్సినది కాదు. ఈ రెండింటినీ కలిపేసుకొని టైర్లను రాయిలా బిగించేవారు ఉన్నారు. అలా చేస్తే టైరు నడిమి భాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, పట్టు తగ్గుతుంది, వానలో బ్రేకు వేస్తే కారు జారుతుంది.

స్టిక్కర్ మీద అంకె కిలోపాస్కల్‌లోనో బార్‌లోనో ఉంటే కంగారుపడకండి. 100 కిలోపాస్కల్‌లు అంటే 1 బార్, అంటే 14.5 పీఎస్ఐ. ఈ లెక్కన 220 కిలోపాస్కల్‌లు దాదాపు 32, 230 అయితే 33, 250 అయితే 36. మీ కారుకు సంబంధించిన అంకెలను ఒకసారి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. అర్ధరాత్రి వానలో తలుపు తెరిచి వెతుక్కునే పని ఉండదు.

గాలి కొలవడం

దీనికి మీ సొంత గేజు ఒకటి కావాలి. పెన్నులా ఉండేదైనా, ముల్లు తిరిగేదైనా, అంకెలు చూపేదైనా పర్వాలేదు. ఖరీదైనదే కొనాలని లేదు. ఎప్పుడూ ఒకే గేజుతో కొలవడం ముఖ్యం. బంకుల్లో గాలి ఉచితంగానే పడతారు, యంత్రాలు కూడా ఉంటాయి. కానీ రోజంతా ఎండలో, దుమ్ములో, వందలమంది చేతుల్లో నలిగే ఆ గొట్టం చూపే అంకె ఈ బంకులో ఒకటి, ఆ బంకులో ఒకటి ఉండటం అరుదేమీ కాదు. మీ గేజు ఒకటి ఎక్కువో తక్కువో చూపినా, ప్రతిసారీ అంతే తేడాతో చూపుతుంది కాబట్టి మార్పు తెలిసిపోతుంది.

కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. చల్లగా అంటే చేతికి చల్లగా తగలడం అని కాదు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. ఉదయం బయలుదేరే ముందు నీడలో ఉన్నప్పుడు అన్నిటికన్నా మంచిది. ఒకవైపు ఎండ పడుతుంటే ఆ పక్క టైర్లు ఎక్కువ చూపిస్తాయి.

వాల్వు మూత తిప్పి తీసి జేబులో వేసుకోండి. నేల మీద పెడితే దొర్లిపోతుంది. గేజు మూతిని వాల్వుకు నిటారుగా ఆనించి, ఒక్కసారిగా గట్టిగా నొక్కండి. "సుస్" అని చప్పుడు వస్తూనే ఉంటే గేజు వంకరగా ఉన్నట్టు, వచ్చే అంకె తప్పు. చప్పుడు ఆగి, అంకె నిలిచినప్పుడు చూడండి. రెండోసారి కొలిచి చూసుకోండి. రెండూ కలిస్తే రాసుకోండి: తేదీ, ఏ టైరు, ఎంత. నాలుగూ కొలవండి, డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా. లైటు వెలిగిన కారులో ఒక టైరు 24, మిగతా మూడు 32 ఉంటే అది పంక్చర్ కథ. నాలుగూ 26, 27 దగ్గర ఉంటే అది పంక్చర్ కాదు, నెలల తరబడి ఎవరూ చూడని కథ. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ పోగొట్టుకుంటుంది. ఇదంతా మీకు ఆ నాలుగు అంకెలే చెబుతాయి.

గాలి నింపేటప్పుడు

ఇంట్లోనే చిన్న కంప్రెసర్ ఉంటే టైరు చల్లగా ఉన్నప్పుడే స్టిక్కర్ మీద ఉన్న అంకె దాకా నింపుకోవచ్చు. కారు సాకెట్‌కు తగిలించేవి చాలా వస్తున్నాయి. బ్యాటరీ దిగిపోకుండా ఇంజిను ఆన్‌లో పెట్టి, కారును ఆరుబయట ఉంచి వాడండి. నింపాక గొట్టం చివర కాలేంత వేడిగా ఉంటుంది, వట్టి చేత్తో వెంటనే పట్టుకోకండి.

బంకుకు వెళ్తే, గాలి పట్టే అబ్బాయి "ఎంత సార్?" అని అడిగేలోపే మీరే దిగి ముందుకు ఎంత, వెనకకు ఎంత అని చెప్పండి. చెప్పకపోతే తనకు అలవాటైన అంకె పెట్టేస్తాడు. తప్పు అతనిది కాదు. ఆ వరుసలో స్కూటీ నుంచి ట్రాక్టరు దాకా అన్నీ ఉంటాయి.

దారిలో లైటు వెలిగితే టైర్లు అప్పటికే వేడెక్కి ఉంటాయి, కదా? అక్కడే చాలామంది పొరబడతారు. వేడెక్కిన టైరు ఉండాల్సిన దానికన్నా నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలే. అది చూసి గాలి తీసేయకూడదు. తీసేస్తే మర్నాటి ఉదయానికి టైరు తక్కువలో పడుతుంది. దీనికి సులువైన ఉపాయం ఉంది. తగ్గిన టైరును దాని పక్క చక్రంతో పోల్చండి. వెనక కుడి టైరు 28 చూపిస్తూ, వెనక ఎడమది 37 చూపిస్తుంటే, కుడిదాన్ని కూడా 37 దాకా నింపండి. స్టిక్కర్ మీద 33 ఉందని 33 దగ్గర ఆపకండి. ఆ రెండూ ఒకే దారిలో, ఒకే ఎండలో వేడెక్కాయి కాబట్టి చల్లారాక దగ్గరదగ్గరగా ఉంటాయి. మర్నాడు ఉదయం చల్లని టైరు మీద మళ్లీ కొలిచి సరిచేసుకోండి.

మే నెలలో రెంటచింతల వైపో రామగుండం వైపో వెళ్తూ "ఎండలు కదా, టైరు పేలుతుంది, కాస్త తక్కువే ఉంచు" అనేవారు మీకు ఎదురవుతారు. ఈ మాట నాకు భయం కలిగిస్తుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడల దగ్గర ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. వేగం, బరువు, ఎండ తోడైతే లోపలి పొరలు విడిపోతాయి. ఎండాకాలం హైవేల మీద టైర్లు పేలడానికి ఒక పెద్ద కారణం ఎక్కువ గాలి కాదు, తక్కువ గాలి. కార్లలో ఈ లైటు తప్పనిసరి కావడం వెనక ఉన్న చరిత్ర కూడా ఇదే. 1990లలో, 2000 ప్రాంతంలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పై పొర ఊడిపోయి, బండ్లు పల్టీ కొట్టి, 200 మందికి పైగా చనిపోయారు. టైర్ల తయారీ లోపాలతో పాటు, ఆ బండికి సూచించిన 26 పీఎస్ఐ గాలి కూడా అప్పటి చర్చల్లో ప్రధానంగా నిలిచింది. 2000లోనే అక్కడ చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ వ్యవస్థ తప్పనిసరైంది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకూ ఉండాలన్నారు.

నైట్రోజన్ గురించి ఒక్క మాట. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. మీ టైర్లలో నైట్రోజన్ ఉండి, దారిలో మామూలు గాలి మాత్రమే దొరికితే నిస్సంకోచంగా పట్టించుకోండి. తక్కువ గాలితో నైట్రోజన్ షాపు దాకా నడపడం కంటే అదే మేలు.

గాలి నింపినా లైటు ఆరకపోతే

ఇక్కడ మీ కారులో ఉన్నది ఏ రకం వ్యవస్థో తెలియాలి. మొదటి రకంలో ప్రతి చక్రం లోపల, వాల్వుకు ఆనుకొని ఒక సెన్సరు ఉంటుంది. అది గాలిని నేరుగా కొలిచి రేడియో ద్వారా పంపుతుంది. తెర మీద నాలుగు టైర్లకూ నాలుగు అంకెలు కనిపిస్తుంటే మీది ఈ రకమే. గాలి నింపాక కొంత దూరం నడిపితే లైటు చాలావరకు తనంతట తానే ఆరిపోతుంది.

రెండో రకంలో టైరులో ఏమీ ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం చక్రాల దగ్గర ఎలాగూ ఉండే వేగం సెన్సర్లనే ఇది వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు కాస్త కుంగి, దాని చుట్టుకొలత తగ్గినట్టవుతుంది. కాబట్టి అదే దూరానికి మిగతావాటి కన్నా ఎక్కువసార్లు తిరగాలి. ఆ తేడాను కంప్యూటర్ పట్టుకుంటుంది. దీనికి పీఎస్ఐ అంటే ఏమిటో తెలియదు. "ఇది సరైన స్థితి" అని మీరు చెప్పిన దాంతో పోల్చుకోవడమే దాని పని. అందుకే ఈ రకం కార్లలో గాలి సరిచేసిన ప్రతిసారీ రీసెట్ చేయాలి. బటన్ ఉంటే కొద్దిసేపు నొక్కి పట్టుకోవాలి, లేదా తెర మీద మెనూలో వెతకాలి. పద్ధతి కారును బట్టి మారుతుంది, యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది.

మరీ మరీ చెబుతున్నాను, గాలి కొలిచి సరిచేయకుండా రీసెట్ నొక్కకండి. 25 ఉన్న టైరుతో రీసెట్ చేస్తే, ఆ 25నే సరైనదని కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఇక అది ఇంకా దిగజారే దాకా నోరెత్తదు. లైటు ఆర్పడం కోసం రీసెట్ నొక్కడం అంటే కారుకు ఉన్న ఆ ఒక్క కన్నూ మూసేయడమే. ఈ రకానికి ఇంకో బలహీనత ఉంది. నాలుగు టైర్లలోనూ గాలి సమంగా, నెమ్మదిగా తగ్గితే పోల్చుకోవడానికి తేడా దొరకదు కాబట్టి అది ఆలస్యంగా కనిపెట్టవచ్చు, అసలు కనిపెట్టకపోవచ్చు కూడా. నెలకోసారి గేజు తీయడం అందుకే మానకూడదు.

టైర్లను ముందుకూ వెనక్కూ మార్పించినప్పుడు కూడా జాగ్రత్త. నేరుగా కొలిచే రకం కార్లు కొన్నిటిలో ఏ సెన్సరు ఎక్కడ ఉందో మళ్లీ నేర్పాలి. నేర్పకపోతే తెర మీద వెనక ఎడమ టైరు తక్కువ అని వస్తుంది, నిజానికి తగ్గింది ముందు ఎడమది. అనుమానం వస్తే తెరను వదిలేసి గేజును నమ్మండి.

మూడు రోజులకే మళ్లీ వెలిగితే

ఎక్కడో గాలి పోతోంది. ఎంత వేగంగా పోతోందో తేల్చుకోండి. నాలుగు టైర్లనూ ఉదయమే సరిచేసి, రాసుకొని, రెండు మూడు రోజుల తరువాత అదే వేళకు మళ్లీ కొలవండి. మూడు టైర్లు అలాగే ఉండి ఒకటి మాత్రం మూడు నాలుగు పీఎస్ఐ దిగితే దొంగ దొరికినట్టే.

ఇక ఆ టైరు దగ్గర కూర్చోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు బాగా కనిపిస్తుంది. గీతల మధ్య వేలితో తడుముతూ రండి, కానీ మెల్లగా, తీగముక్కలు గుచ్చుకుంటాయి. మేకు గుచ్చుకొని కొన్ని రోజులైతే దాని తల రోడ్డు రాపిడికి అరిగి, నల్లటి రబ్బరులో చిన్న వెండి చుక్కలా మెరుస్తుంటుంది. కనిపిస్తే పీకేయకండి. గాలి ఇంత నెమ్మదిగా పోతున్నది ఆ మేకే రంధ్రాన్ని మూసి ఉంచినందువల్ల. పీకితే అక్కడికక్కడే టైరు దిగిపోతుంది. గాలి నింపుకొని పంక్చర్ షాపుకు వెళ్లండి, అక్కడే తీయించండి.

ఏమీ కనిపించకపోతే సబ్బు నీళ్లు పట్టండి. చెంబు నీళ్లలో బట్టల సోపు కలిపితే చాలు. వాల్వు మూతి మీద ఒక చుక్క వేయండి. పాత పంక్చర్ షాపుల్లో తడి వేలితో చూసేది ఇదే. బుడగ ఉబ్బి పగిలి, మళ్లీ ఉబ్బుతుంటే లోపలి పిన్ను వదులైనట్టు. దాన్ని బిగిస్తే, కాకపోతే మారిస్తే సరిపోతుంది. తరువాత వాల్వు మొదలు దగ్గర, రబ్బరు రిమ్మును తాకే చోట పోసి, రబ్బరును కొద్దిగా అటూ ఇటూ వంచండి. ఏళ్లు గడిచిన వాల్వు రబ్బరు అక్కడ బీటలు తీస్తుంది. ఆ తరువాత టైరూ రిమ్మూ కలిసే అంచు వెంట చుట్టూ పోయండి. ఒకచోట సన్నని నురుగు ఆగకుండా పుడుతుంటే, గుంతలో పడి రిమ్ము వంగి ఉంటుంది, లేదా అంచున తుప్పో మట్టో చేరి ఉంటుంది. వానాకాలం గుంతల రోడ్ల మీద తిరిగిన కార్లకు ఇది మామూలే. టైరు విప్పి అంచు శుభ్రం చేయించాలి, వంగిన రిమ్మును సరిచేయించాలి. పంక్చర్లు వెతికి వెతికి విసిగిపోయిన చాలామందికి అసలు లోపం ఇక్కడే దొరుకుతుంది.

పంక్చర్ షాపులో

ట్యూబ్‌లెస్ టైరుకు మన దగ్గర ఎక్కువగా వేసేది స్ట్రిప్. రంధ్రాన్ని గరుకు సూదితో రాపాడి, సొల్యూషన్ పూసిన జిగురు తాడును దానిలోకి దూర్చి, పైకి మిగిలింది కోసేస్తారు. టైరు విప్పే పని ఉండదు, పది నిమిషాల్లో అయిపోతుంది. టైరు నడిమి భాగంలో సన్నని మేకు రంధ్రానికి ఇది పనిచేస్తుంది. ఎక్కువగా హైవేల మీద తిరిగేవారు మాత్రం, టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్ వేయించుకోవడం మంచిది. విప్పినప్పుడు లోపలి భాగం కూడా చూడవచ్చు. గాలి లేకుండా నడిపిన టైరు అయితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, పక్కగోడ చుట్టూ నలిగిన గీత కనిపిస్తుంది. అది కనిపించిన టైరుకు ఎంత మంచి ప్యాచ్ వేసినా వాడకూడదు. పక్కగోడ నలిగిపోయింది, మళ్లీ గాలి నింపితే ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

పక్కగోడ మీద పంక్చర్ అయితే బాగు చేయించకండి, టైరు మార్చాల్సిందే. రోడ్డును తాకే భాగంలోనైనా రంధ్రం 6 మిల్లీమీటర్లు మించితే అంతే. "వేసేద్దాం సార్, ఏం కాదు" అన్నా ఒప్పుకోకండి.

స్టెప్నీ వేయాల్సి వస్తే

స్టెప్నీ మార్చడం యజమాని పుస్తకంలో బొమ్మలతో ఉంటుంది కాబట్టి వివరంగా చెప్పను. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, మార్చే చక్రానికి ఎదురుమూలన ఉన్న చక్రం కింద రాయి పెట్టండి. నట్లను కారు పైకి లేపక ముందే అరచుట్టు వదులు చేయండి. జాకీని పుస్తకంలో చూపిన చోటే ఆనించండి, కారు కిందికి దూరకండి. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, కొన్ని పదుల కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగించండి. స్టెప్నీ మీద గంటకు 80 కిలోమీటర్లు అని పసుపు స్టిక్కర్ ఉంటే దానికి కట్టుబడండి. అందులో సెన్సరు లేకపోతే లైటు వెలుగుతూనే ఉంటుంది, అది సహజం.

అసలు స్టెప్నీయే లేని కార్లూ ఉన్నాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక వ్యవస్థ, టైరు బాగుచేసే కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. మీది అలాంటి కారు అయితే కిట్‌లోని సీలెంట్ సీసా మీద గడువు తేదీ ఈ రోజే చూసుకోండి. ఆ ద్రవం నడిమి భాగంలో చిన్న రంధ్రాన్నే మూయగలదు. వాడాక మెల్లగా పంక్చర్ షాపు దాకా మాత్రమే వెళ్లండి. లోపల సీలెంట్ పోశామని అక్కడ ముందే చెప్పండి, సెన్సరు ఉంటే దాన్ని తుడవాలి.

చలికాలపు ఉదయాలు

డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే వెలిగి, పదింటికల్లా ఆరిపోయే లైటు వేరే కథ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే టైరులో ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 33 నింపిన టైరు, తెల్లవారుజామున 8 డిగ్రీల చలిలో 29 లేదా 30 చూపిస్తుంది. అప్పటికే నెలల తరబడి తగ్గుతూ 28కి చేరిన టైరు అయితే ఆ ఉదయమే గీత దాటుతుంది. ఎండెక్కాక లైటు ఆరిందని వదిలేయకండి. ఆ చల్లని ఉదయమే కొలిచి నింపండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఏటా అక్టోబరు, నవంబరుల్లో తొలి చలిగాలితో ఎదురయ్యేదే. డాలస్‌లో ఒక్క రాత్రిలో ఉష్ణోగ్రత ఎంతో పడిపోతుంది, మర్నాడు ఉదయం లైటు వెలిగే ఉంటుంది. న్యూజెర్సీ, షికాగోల్లో వెచ్చని గ్యారేజీలో గాలి నింపేవారు, బయటి చలికీ గ్యారేజీకీ ఉన్న తేడాలో ప్రతి ఐదారు డిగ్రీల సెల్సియస్‌కూ 1 పీఎస్ఐ చొప్పున ఎక్కువ నింపుకోవాలి. అక్కడి చాలా బంకుల్లో గాలికి డబ్బు తీసుకుంటారు. కాలిఫోర్నియాలో మాత్రం ఇంధనం కొన్నవారికి గాలి ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది, అడగడానికి మొహమాటపడకండి. మంచు కోసం వేరే టైర్ల జత వాడుతూ, ఆ చక్రాల్లో సెన్సర్లు లేకపోతే చలికాలమంతా లైటు మిణుకుతుంది. అలాంటప్పుడు గేజు ఒక్కటే దిక్కు.

లైటు మిణుకుతుంటే

గాలి అన్నిట్లో సరిగ్గా ఉండి, ప్రతిసారీ ఇంజిను ఆన్ చేయగానే లైటు కాసేపు మిణికి, ఆ తరువాత నిలకడగా వెలుగుతూ ఉండిపోతుంటే ఏదో ఒక సెన్సరు మాట్లాడటం లేదు. వాటి బ్యాటరీ సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. అది సెన్సరులోనే మూసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, సెన్సరు మొత్తం మార్చాలి. మార్చాక దాని గుర్తింపు సంఖ్యను కారుకు నేర్పించాలి. ఏది పోయిందో స్కానర్ ఉన్నవారు చెప్పగలరు. కారుకు ఎనిమిదేళ్లు నిండి ఒకటి పోతే మిగతా మూడూ దాదాపు అదే వయసువి. టైర్లు కూడా మార్చే వేళ దగ్గరపడితే అప్పుడే నాలుగూ మార్పించడం ఖర్చులో కలిసొస్తుంది, ఎందుకంటే టైరు విప్పే పని ఒక్కసారితో పోతుంది.

కొత్త టైర్లు వేయించుకోవడానికి వెళ్లినప్పుడు, పని మొదలుపెట్టక ముందే "లోపల సెన్సర్లు ఉన్నాయి" అని నోటితో చెప్పండి. యంత్రం ఇనుప చేయి వాల్వు పక్కన టైరును నొక్కితే సెన్సరు పుటుక్కున విరుగుతుంది. వాల్వు దగ్గర కాకుండా దూరం నుంచి టైరు విప్పమని అడగండి, పక్కనే నిలబడి చూడండి. వాల్వు సీళ్లు, పిన్నులు కొత్తవి వేయమనండి. చివర్లో మెరిసే లోహపు మూతలు తగిలిస్తామంటే వద్దనండి. అవి కొన్నాళ్లకు తుప్పుతో వాల్వుకు అతుక్కుపోతాయి, బలవంతంగా తిప్పితే వాల్వుతో పాటే ఊడివస్తాయి. మామూలు ప్లాస్టిక్ మూతలే పెట్టించుకోండి.